నలభై ఏళ్ల కొలువు వదిలి ఢిల్లీ దారి పట్టిన సుబేదార్ బఖ్త్ ఖాన్

1857 తిరుగుబాటు అనగానే మనకు గుర్తొచ్చే పేర్లు కొన్నే. మంగళ్ పాండే, ఝాన్సీ లక్ష్మీబాయి, బహదూర్ షా జఫర్, బేగం హజ్రత్ మహల్. ఢిల్లీలో ఆ యుద్ధాన్ని రోజూ నడిపించే భారం మోసిన మనిషి పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఆయన నవాబు కాదు, షాజాదా కాదు, జాగీర్దారు కూడా కాదు. ఈస్టిండియా కంపెనీ ఫిరంగి దళంలో దాదాపు నలభై ఏళ్లు పనిచేసి తలపండిన సుబేదార్. ఆయనే బఖ్త్ ఖాన్.

యుద్ధం రాబోతోందని ఎవరికి ముందుగా అర్థమవుతుంది? బయట నినాదాలు ఇచ్చేవాడి కంటే లోపల కొలువు చేసేవాడికి. కంపెనీ బలం ఎక్కడుందో, బలహీనత ఎక్కడుందో బఖ్త్ ఖాన్‌కు తెలిసినంతగా ఆ రోజు ఢిల్లీలో మరొకరికి తెలియదనే చెప్పాలి. ఆయన కథ మనకు చెప్పేది ఒక్క వీరగాథే కాదు. ధైర్యం దండిగా ఉండి, జీతం, బారూదు, ఒకే నాయకత్వం లేకపోతే ఏమవుతుందో కూడా చెబుతుంది.

రోహిల్‌ఖండ్ బిడ్డ

బఖ్త్ ఖాన్ 1797 ప్రాంతంలో రోహిల్‌ఖండ్‌లోని బిజ్నోర్ వైపు పుట్టాడు. ఇప్పుడది ఉత్తరప్రదేశ్. రోహిల్లా పఠాన్ల గడ్డ అది. ఆ గడ్డకు కంపెనీతో పాత లెక్క ఒకటి ఉంది. 1774లో అవధ్ నవాబు షుజా ఉద్దౌలా రోహిల్లాల మీద యుద్ధానికి వెళ్లినప్పుడు, 40 లక్షల రూపాయల ఒప్పందం మీద వారన్ హేస్టింగ్స్ కంపెనీ సైన్యాన్ని అద్దెకు పంపాడు. ఆ యుద్ధంలో రోహిల్లాల నాయకుడు హాఫిజ్ రహ్మత్ ఖాన్ చనిపోయాడు. ఒక జాతిని ఓడించడానికి సైన్యాన్ని కిరాయికి ఇచ్చారన్న మాట లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది. బఖ్త్ ఖాన్ పుట్టేనాటికి ఆ గాయానికి పాతికేళ్లు కూడా నిండలేదు.

అయినా బతుకుతెరువు బతుకుతెరువే. రాజ్యాలు పోయిన చోట పఠాన్ యువకులకు మిగిలిన పని సిపాయి పని ఒక్కటే. బఖ్త్ ఖాన్ కంపెనీ వారి బెంగాల్ సైన్యంలో గోలందాజ్‌గా, అంటే ఫిరంగి సిపాయిగా చేరాడు. ఫిరంగి పని కత్తి తిప్పడం లాంటిది కాదు. దూరం లెక్క తెలియాలి, బారూదు తూకం తెలియాలి, ఎద్దులనూ గుర్రాలనూ చూసుకోవాలి, పదిమంది చేతులు ఒక్కసారిగా కదలాలి. ఆ క్రమశిక్షణలోనే ఆయన ఎదిగాడు.

జలాలాబాద్ పాఠం

మొదటి ఆఫ్ఘాన్ యుద్ధంలో ఆయన జలాలాబాద్ కోటలో ఉన్నాడు. కెప్టెన్ అబ్బాట్ నడిపిన ఫిరంగి దళం అది. 1842 జనవరిలో కాబూల్ నుంచి వెనక్కి బయల్దేరిన కంపెనీ సైన్యం మంచు కనుమల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. సైనికులు సుమారు 4,500 మంది, వెంట వచ్చిన పనివాళ్లు, కుటుంబాలు 12,000 మంది. జనవరి 13న జలాలాబాద్ కోట దగ్గరికి అలసిపోయిన గుర్రం మీద చేరిన డాక్టర్ బ్రైడన్ కథ ప్రపంచమంతా తెలుసు. ఆ కోట లోపల నిలబడి ఉన్న దండులోనే మన గోలందాజ్ కూడా ఉన్నాడు.

ఆ కోట మాత్రం లొంగలేదు. నెలల తరబడి ముట్టడిని తట్టుకుంది. దానికి గుర్తుగా ఆ ఫిరంగి దళానికి కోటగోడ ఆకారంలో ఉండే కిరీటం చిహ్నం ఇచ్చారు. అంటే బఖ్త్ ఖాన్ రెండు విషయాలూ ఒకే చలికాలంలో చూశాడు. కంపెనీ సైన్యం ఓడిపోగలదు. అదే సైన్యం క్రమశిక్షణతో ఒక చోట నిలబడితే దాన్ని కదిలించడం చాలా కష్టం. 1857లో ఢిల్లీ చుట్టూ జరిగినదంతా ఈ రెండు మాటల మధ్యే జరిగింది.

ఆయన్ని ఎరిగిన ఇంగ్లీషు అధికారులు తర్వాత రాసుకున్న వివరాల్లో మనిషి రూపం కనిపిస్తుంది. భారీ శరీరం, విశాలమైన ఛాతీ, బాగా పెరిగిన పొట్ట. గుర్రపు స్వారీ అంతగా రాదు. కానీ పనిలో తెలివైనవాడు, కవాతులో దిట్ట. ఫార్సీ నేర్చుకుంటున్న ఒక అధికారి ఇంటికి రోజూ వెళ్లి కూర్చునేవాడట. అంటే ఆయన ఇంగ్లీషు వాళ్లను దూరం నుంచి ద్వేషించినవాడు కాదు. వాళ్ల ఇళ్లలో కూర్చుని మాట్లాడినవాడు.

నోటితో కొరకని తూటా

1857కు ముందు సిపాయి బతుకు ఎలా ఉండేదో ఒకసారి లెక్క చూద్దాం. పదాతి సిపాయి జీతం నెలకు 7 రూపాయలు. తిండి ఖర్చు అందులోనే. బట్టల కోతలు కూడా అందులోనే. ఇంటికి పంపేది ఎంత మిగులుతుంది? పరదేశంలో యుద్ధానికి వెళ్తే భత్తా ఇచ్చేవారు. సింధ్, పంజాబ్ కంపెనీ చేతికి వచ్చాక, అవి ఇప్పుడు మన భూభాగాలే కదా అని ఆ భత్తా కోసేశారు. అంటే సిపాయి గెలిచిపెట్టిన ప్రతి యుద్ధమూ చివరికి అతని జేబుకే చిల్లు పెట్టింది.

హోదా సంగతి ఇంకా దారుణం. మన వాడు ఎంత అనుభవజ్ఞుడైనా సుబేదార్ దగ్గర ఆగిపోవాలి. అదీ జుట్టు నెరిసే వయసులో వచ్చేది. నిన్నగాక మొన్న ఓడ దిగిన కుర్ర ఇంగ్లీషు అధికారి ఆయనకు ఆజ్ఞలిస్తాడు. ఆఫ్ఘాన్ మంచులో ఫిరంగి పేల్చిన సుబేదారుకు కూడా ఒక్క ఇంగ్లీషు సిపాయి మీద అధికారం ఉండేది కాదు.

1856 ఫిబ్రవరిలో కంపెనీ అవధ్‌ను కలిపేసుకుంది. బెంగాల్ సైన్యంలో సిపాయీలు పెద్ద సంఖ్యలో ఆ ప్రాంతం వాళ్లే. అదే సంవత్సరం జూలైలో ఇంకో చట్టం తెచ్చారు. కొత్తగా చేరేవాళ్లు సముద్రం దాటి ఎక్కడికి పంపినా వెళ్లాలి. ఆ తర్వాత ఎన్‌ఫీల్డ్ తుపాకీ వచ్చింది. దాని తూటా కాగితానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట కంటోన్మెంట్ల నిండా పాకింది. ఆ కాగితాన్ని పళ్లతో కొరకాలి. హిందువుకూ ముస్లింకూ ఒకే దెబ్బ.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బఖ్త్ ఖాన్ ఫిరంగి దళం వాడు. ఆ తూటా కొరకాల్సిన అవసరం గోలందాజ్‌కు లేదు. ఆయన వయసు అరవైకి వచ్చింది. ఇంకొన్నాళ్లు నోరు మూసుకుంటే పెన్షన్ తీసుకుని బిజ్నోర్ వెళ్లిపోవచ్చు. కంపెనీ ఉప్పు తిన్నవాడు ఎదురు తిరిగితే నమక్ హరామ్ అంటారని ఆయనకు తెలుసు. సిపాయి లోకంలో అంతకు మించిన తిట్టు లేదు. అయినా ఆయన తిరగబడ్డాడంటే కారణం ఒక్క కొవ్వు పూసిన కాగితం కాదు. నలభై ఏళ్ల లెక్క అది.

ఆ రంజాన్

1857 మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు. ఏప్రిల్ 8న ఉరి తీశారు. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది అశ్వదళ సిపాయీలు కొత్త తూటాలు ముట్టుకోబోమన్నారు. మే 9న అందరి ముందు వాళ్ల యూనిఫారాలు ఊడదీసి కాళ్లకు సంకెళ్లు వేశారు. మర్నాడు సాయంత్రం మీరట్ భగ్గుమంది. మే 11 ఉదయానికి సిపాయీలు యమున దాటి ఎర్రకోట కింద నిలబడ్డారు.

అది రంజాన్ నెల. బరేలీ కంటోన్మెంట్‌లో ఉన్న బఖ్త్ ఖాన్ దళానికి ఆ కబుర్లు రోజాలోనే అందాయి. బరేలీలో 18వ, 68వ పదాతి దళాలు, 8వ అశ్వదళం, ఒక ఫిరంగి దళం ఉన్నాయి. ఇంగ్లీషు అధికారులు భయపడి ముందుగానే భార్యాపిల్లల్ని నైనితాల్ కొండలకు పంపేశారు. సిపాయీలు పైకి మామూలుగానే కవాతు చేస్తున్నారు. ఈద్ వచ్చింది, వెళ్లింది. ఏమీ జరగలేదు. మూడు వారాలు ఒక కంటోన్మెంట్ మొత్తం ఇలా ఊపిరి బిగబట్టి ఉండటం చిన్న విషయం కాదు. మీరట్‌లో జరిగింది ఒక్కసారిగా లేచిన మంట. బరేలీలో జరిగింది వేరు.

మే 31, ఆదివారం. ఉదయం 11 గంటలకు ఒక ఫిరంగి మోగింది. అదే సంకేతం. బ్రిగేడియర్ సిబ్బాల్డ్ కాల్పుల్లో చనిపోయాడు. మిగిలిన అధికారుల్లో చాలామంది నైనితాల్ దారి పట్టారు. ఆ సాయంత్రానికి బరేలీలో కంపెనీ పాలన లేదు. హాఫిజ్ రహ్మత్ ఖాన్ మనవడు ఖాన్ బహదూర్ ఖాన్‌ను పాలకుడిగా ప్రకటించారు. ఆయన కంపెనీ కోర్టులో న్యాయాధికారిగా చేసి పెన్షన్ తీసుకుంటున్న పెద్దమనిషి. తన దివాన్‌గా శోభారాం అనే హిందువును పెట్టుకున్నాడు. సిపాయీల సేనాని బఖ్త్ ఖాన్. 83 ఏళ్ల కిందటి రోహిల్లా లెక్క మళ్లీ తెరుచుకుంది.

వంతెన దాటిన సైన్యం

బఖ్త్ ఖాన్ బరేలీలోనే ఉండి చిన్న సర్దారుగా బతకొచ్చు. ఆయన ఢిల్లీ బయల్దేరాడు. జూలై మొదటి రెండు రోజుల్లో బరేలీ దండు పడవల వంతెన మీద యమున దాటి ఢిల్లీలోకి వచ్చింది. పదాతి దళాలు, అశ్వదళం, ఫిరంగులు, ఏనుగులు, వెంట లక్షల రూపాయల ఖజానా. తన సిపాయీలకు ఆరు నెలల జీతం ముందే ఇచ్చేశానని, ఢిల్లీ ఖజానా నుంచి తమకు ఏమీ అక్కర్లేదని ఆయన బాద్షాకు చెప్పాడు.

ఈ ఒక్క మాట ఎంత విలువైనదో అప్పటి ఢిల్లీ పరిస్థితి చూస్తే తెలుస్తుంది. బహదూర్ షా జఫర్‌కు 81 ఏళ్లు. ఖజానా ఖాళీ. వేల మంది సిపాయీలు నగరంలో ఉన్నారు, జీతం ఇచ్చే దిక్కు లేదు. ఆకలేసిన సిపాయి దుకాణాల మీద పడుతున్నాడు. షాజాదాలు సాహుకార్ల దగ్గర బలవంతంగా వసూలు చేస్తున్నారు. నగరం కోసం వచ్చినవాళ్లను చూసి నగరమే భయపడుతోంది. బాద్షా బఖ్త్ ఖాన్‌ను సైన్యాధిపతిగా చేశాడు.

నిన్నటి సుబేదార్ వెంటనే చేసిన పనులు చూడండి. లూటీ చేసిన వాళ్లకు కఠిన శిక్ష. దుకాణదారులు ఆత్మరక్షణకు ఆయుధాలు ఉంచుకోవచ్చు. ఉప్పు, చక్కెర మీద పన్ను రద్దు. ఎత్తుగుట్ట మీద గుడారాలు వేసుకున్న ఇంగ్లీషు సైన్యం మీద ఏ రోజు ఏ దళం దాడికి వెళ్లాలో వంతులు. అంటే శత్రువుకు నిద్ర ఉండకూడదు, మన వాళ్లకు విశ్రాంతి దొరకాలి. జూలై 9న ఆయన అశ్వదళం ఇంగ్లీషు గుడారాల మధ్య దాకా దూసుకెళ్లింది.

ఆగస్టు 1న బక్రీద్. ఇంగ్లీషు వాళ్లు ఆ రోజు కోసమే ఎదురుచూశారు. గోవుల విషయంలో హిందూ, ముస్లిం సిపాయీలు కొట్టుకుంటారని, ఢిల్లీ తనంతట తానే కూలుతుందని ఆశపడ్డారు. బాద్షా ముందుగానే గోవధ నిషేధించాడు. బఖ్త్ ఖాన్ వీధి వీధినా చాటింపు వేయించాడు. ఈద్ ప్రశాంతంగా గడిచింది. ఆ సాయంత్రం నుంచి రాత్రంతా హిందూ, ముస్లిం సిపాయీలు కలిసి గుట్ట మీద దాడి చేశారు. గెలవలేదు. కానీ ఒకరి మీద ఒకరు కత్తి ఎత్తలేదు. ఇవాళ్టి రోజుల్లో ఈ ఒక్క పేజీ చాలు, మన ఇళ్లలో పిల్లలకు చదివి వినిపించడానికి.

అదే జూలైలో మన హైదరాబాద్

ఢిల్లీ పోరాడుతుంటే దక్కన్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. హైదరాబాద్ కంటింజెంట్ నుంచి బయటికొచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను నిజాం దర్బారు పట్టి రెసిడెన్సీకి అప్పగించింది. 1857 జూలై 17, శుక్రవారం. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో సుమారు 500 మంది కోఠీలోని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. అందులో ఎక్కువమంది రోహిల్లాలే. బఖ్త్ ఖాన్ ఏ గడ్డ వాడో ఆ గడ్డ మూలాలున్న వాళ్లే. ఎదురుగా ఉన్న రెండు ఇళ్లలో మొహరించి రాత్రంతా కాల్పులు జరిపారు. సాలార్‌జంగ్ ముందే కబురు పంపడంతో రెసిడెన్సీ సిద్ధంగా ఉంది. ఇంగ్లీషు ఫిరంగుల ముందు తుపాకులు నిలవలేదు. తుర్రేబాజ్ ఖాన్ 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్పుల్లో చనిపోయాడు. శవాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు.

రెండు చోట్లా తేడా తేల్చింది ఒక్కటే. ఫిరంగులు ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయి, వాటి వెనక ఒక్కటిగా కదిలే చేతులు ఎవరివి?

లోపలి గోడ

ఢిల్లీలో బఖ్త్ ఖాన్‌కు శత్రువు గుట్ట మీదే కాదు, కోట లోపలా ఉన్నాడు. ఆయన రాకముందు సైన్యాధిపతి షాజాదా మీర్జా మొఘల్. ఒక సుబేదారు తన పైకి రావడం ఆయనకు నచ్చలేదు. మిగతా దళాల సర్దార్లకూ నచ్చలేదు. బరేలీ వాళ్లకు జీతం ఉంది, మాకు లేదు అన్న మంట వేరే. ఆగస్టు వచ్చేసరికి అధికారం ముక్కలైంది. సిపాయీలు పదిమందితో ఒక కోర్టు పెట్టుకున్నారు. ఆరుగురు సైన్యం నుంచి, నలుగురు బయటి నుంచి, ఎక్కువ మంది మాటే నిర్ణయం. ఆ కాలానికి అది చాలా కొత్త ఆలోచన. కానీ యుద్ధంలో ఫిరంగి ఎప్పుడు కదలాలో చెప్పాల్సింది ఒక్క గొంతే.

ఆగస్టు 7న బారూదు తయారుచేసే ఇల్లు పేలిపోయింది. ఆగస్టు 14న పంజాబ్ నుంచి నికల్సన్ సైన్యం గుట్ట మీదికి చేరింది. వెనకాలే ఏనుగులు లాగుతున్న భారీ ఫిరంగులు వస్తున్నాయి. గోడలు బద్దలుకొట్టేవి అవే. అవి చేరకూడదు. ఒక గోలందాజ్‌కు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. బఖ్త్ ఖాన్ వాటిని దారిలోనే అడ్డుకోవడానికి పెద్ద సైన్యంతో బయల్దేరాడు. వానాకాలం, బురద దారులు. నీమచ్ దండు, బరేలీ దండు కలిసి కదలలేదు, కలిసి దిగలేదు. ఆగస్టు 25న నజఫ్‌గఢ్ దగ్గర నికల్సన్ నీమచ్ దండు మీద పడ్డాడు. బఖ్త్ ఖాన్ దళాలు సాయానికి అందలేదు. ఆ ఓటమి నింద ఆయన మీదే పడింది. సైన్యాధిపతిగా అందులో ఆయన వంతు లేదని అనలేం. సెప్టెంబర్ 4న ఆ ఫిరంగులు గుట్టకు చేరాయి.

సెప్టెంబర్ 14న గోడలు పగిలాయి. ఆ ఒక్క రోజే ఇంగ్లీషు వైపు సుమారు 1,170 మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. నికల్సన్ కూడా ఆ గాయంతోనే పోయాడు. సిపాయీలు వీధి వీధికీ పోరాడారు. జీతం లేక, తిండి చాలక, బారూదు తక్కువై కూడా ఆరు రోజులు నగరాన్ని తేలిగ్గా ఇవ్వలేదు.

హుమాయూన్ సమాధి దగ్గర

నగరం పోయాక బాద్షా హుమాయూన్ సమాధికి చేరాడు. బఖ్త్ ఖాన్ అక్కడికి వెళ్లాడు. పోయింది ఢిల్లీ ఒక్కటే, దేశం ఇంకా ఉంది, నాతో రండి, లక్నో నుంచి మళ్లీ మొదలుపెడదాం అని వేడుకున్నాడు. కాబూల్‌లో ఒక సైన్యం పోయినా జలాలాబాద్ నిలబడటం చూసిన మనిషి ఆయన. ఒక్క నగరంతో యుద్ధం అయిపోదని ఆయనకు తెలుసు. కానీ బాద్షా పక్కన మీర్జా ఇలాహీ బఖ్ష్ ఉన్నాడు. అప్పటికే ఇంగ్లీషు వాళ్లతో మాట కలిపిన మనిషి. ముసలి బాద్షాను వెళ్లనివ్వలేదు. తర్వాత హడ్సన్ వచ్చి బాద్షాను పట్టుకెళ్లాడు. ఆ మర్నాడు ముగ్గురు షాజాదాలను కాల్చి చంపాడు. అందులో మీర్జా మొఘల్ కూడా ఉన్నాడు. జఫర్ 1862 నవంబర్ 7న రంగూన్‌లో పరాయి మట్టిలో కలిసిపోయాడు.

బఖ్త్ ఖాన్ లొంగలేదు. మిగిలిన దండుతో లక్నో చేరి బేగం హజ్రత్ మహల్ పక్షాన నిలిచాడు. 1858 మార్చిలో లక్నో కూడా పోయింది. ఆయన పోరాటం వదల్లేదు. 1859లో నేపాల్ సరిహద్దు తరాయి అడవుల వైపు ఆయన కథ ముగుస్తుంది. ఫాతిహా చదవడానికి మనకు తెలిసిన కబర్ లేదు. బరేలీలో ఖాన్ బహదూర్ ఖాన్‌ను 1860లో ఉరి తీశారు.

గెలిచినవాళ్లు నేర్చుకున్నది

ఈ సుబేదార్ ఎంత భయపెట్టాడో తెలియాలంటే తర్వాత బ్రిటిష్ వాళ్లు చేసిన మార్పు చూడాలి. సైన్యాన్ని మళ్లీ కట్టినప్పుడు వాళ్లు పెట్టుకున్న గట్టి నియమం, ఫిరంగులు హిందుస్తానీ చేతుల్లో ఉండకూడదని. కొండ ప్రాంతపు చిన్న దళాల లాంటివి కొన్ని మినహా ఆ నియమం దశాబ్దాలు నడిచింది. మైదాన ఫిరంగి దళంలో మన వాళ్లకు మళ్లీ చోటు దొరికింది 1935లో, బెంగళూరులో. ఇంకో బఖ్త్ ఖాన్ రాకూడదని 78 ఏళ్లు జాగ్రత్తపడ్డారన్నమాట.

మనం ఆయన్ని తలచుకునేటప్పుడు కత్తి పట్టిన వీరుడి బొమ్మ ఒక్కటే గీసుకుంటే సగం కథ పోతుంది. ఆయన వచ్చిన రోజే సిపాయి జీతం గురించి మాట్లాడాడు. పేదవాడి ఉప్పు మీద పన్ను తీశాడు. దుకాణదారు భయం పోగొట్టాలనుకున్నాడు. ఈద్ రోజు పొరుగువాడి మనసు నొప్పించకూడదని చాటింపు వేయించాడు. ఇవన్నీ యుద్ధంలో భాగమేనని ఆయనకు తెలుసు. ఆయన చుట్టూ ఉన్న పెద్దలకు తెలియలేదు. ఢిల్లీ ఓడింది అక్కడే. కోఠీ బస్టాండ్ దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారకం ముందు నుంచి వెళ్లేటప్పుడు, అదే జూలైలో ఢిల్లీ గోడల మీద ఫిరంగి పక్కన నిలబడ్డ ఆ రోహిల్లా సుబేదారును కూడా ఒక్కసారి గుర్తు చేసుకుని దువా చేద్దాం.